టెక్ సందేహాలు: నెట్ కనెక్షన్ ఇచ్చినవాళ్లకు మన గురించి ఎంత తెలుస్తుంది?

ఈ వారం వచ్చిన సందేహాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. నెట్‌లో మనం చూసేవన్నీ కనెక్షన్ ఇచ్చినవాళ్లు గమనించి, యాడ్స్ కోసం వాడుకుంటున్నారా అని. అందుకే ప్రింటర్లు, పెన్‌డ్రైవ్‌ల సంగతి వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధాలు చూద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. తనకి ఇంకా చెప్పలేదు. నా ఫోన్‌లో రెండు మ్యాట్రిమోనీ సైట్లు చూశానంతే. మూడో రోజు నుంచి అమ్మాయి ఫోన్‌లో అవే యాడ్స్. "ఏంటి నాన్నా, నాకు చెప్పకుండానే మొదలుపెట్టేశారా?" అని అడిగేసింది. మాది లోకల్ కేబుల్ వాళ్లిచ్చిన ఫైబర్ నెట్. వాళ్లే ఈ సమాచారం బయటకు ఇస్తున్నారా? (విజయవాడ నుంచి ఒక తండ్రి)

జవాబు: మీ ఇబ్బంది అర్థమైందండీ. ఇంట్లో కూర్చోబెట్టి మీరు నెమ్మదిగా చెప్పాల్సిన మాట యాడ్ చెప్పేస్తే కష్టంగానే ఉంటుంది. అయితే ఇందులో కేబుల్ వాళ్ల చెయ్యి ఉండకపోవచ్చు. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, వైఫై మీద ఉన్నప్పుడు చాలావరకు అన్నీ ఒకే ఐపీ అడ్రస్‌తో (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబరు) బయటకు వెళ్తాయి. చాలా సైట్లలో ఎవరు ఏం చూస్తున్నారో గమనించే యాడ్ కంపెనీల ట్రాకర్లు ఉంటాయి. ఫలానా ఐపీ ఉన్న ఇంట్లో ఎవరో సంబంధాలు వెతుకుతున్నారని వాటికి తెలిసిపోతుంది. కొన్ని యాడ్ సంస్థలు మనిషిని కాక ఇంటినే లెక్కలోకి తీసుకుంటాయి కాబట్టి, అదే వైఫై మీదున్న ఇంకో ఫోన్‌కూ ఆ యాడ్ వెళ్లొచ్చు. ఇంకో మాట. పెళ్లీడు అమ్మాయి ఫోన్‌కు మ్యాట్రిమోనీ యాడ్ రావడానికి మీ వెతుకులాటతో పనిలేదు, వయసు చాలు. మీరు వెతికిన వారమే అది కూడా రావడంతో రెండూ కలిసి కనిపించి ఉండొచ్చు.

మీ ఫోన్, అమ్మాయి ఫోన్ రెండింట్లోనూ ఒక పని చేయండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ అని ఉంటుంది. అక్కడ డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కండి. యాప్‌లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి వాడే నంబరు అది. దీంతో యాడ్స్ ఆగవు, కానీ మీ వెనకపడి రావడం తగ్గుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు కనపడుతుందా? కొంతవరకు కనపడుతుంది. రోజూ మనల్ని ఎక్కించుకునే ఆటో అతనికి మనం ఏ ఆసుపత్రి ముందు దిగామో, ఎంతసేపటికి బయటకు వచ్చామో తెలుస్తుంది. లోపల డాక్టర్‌కు ఏం చెప్పుకున్నామో తెలియదు. ఇప్పుడు దాదాపు సైట్లన్నీ హెచ్‌టీటీపీఎస్ (మనకూ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారానికి తాళం వేసే పద్ధతి) మీద నడుస్తున్నాయి కాబట్టి కనెక్షన్ ఇచ్చిన ప్రొవైడర్ పరిస్థితీ అంతే. గూగుల్‌లో ఏ మాట కొట్టారు, ఎవరి ప్రొఫైల్ చూశారు అన్నది వాళ్లకు కనపడదు. ఏ సైట్‌కు ఏ టైమ్‌లో వెళ్లారు, ఎంత డేటా వాడారు అన్నది కనపడుతుంది.

ఆ మాత్రం తెలిస్తే ఏమవుతుందిలే అనుకోకండి. అర్ధరాత్రి క్యాన్సర్ ఆసుపత్రి సైట్, ఆ వెంటనే లోన్ యాప్, తర్వాత బంగారం తాకట్టు సైట్. ఈ మూడు పేర్లు వరసగా కనపడితే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఊహించడానికి పేజీ లోపల చూడాల్సిన పనేముంది?

మొన్న ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో వైర్‌షార్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. నెట్‌వర్క్ మీద వచ్చేదీ పోయేదీ వరసలు వరసలుగా తెర మీద చూపిస్తుంది. బ్రౌజర్‌లో ఒక రక్తపరీక్షల సెంటర్ సైట్ తెరిచానో లేదో, దాని పేరు మామూలు అక్షరాల్లో కనపడింది. దాని వెనకే పోలోమని యాడ్ సర్వర్ల పేర్లు. సైట్ పేరు చెప్పి దాని ఐపీ నంబరు ఏంటని అడిగే డీఎన్‌ఎస్ ప్రశ్నలవి. మనం ఏమీ మార్చకపోతే ఇవి ఏ తాళం లేకుండా నేరుగా ప్రొవైడర్ సర్వర్‌కే వెళ్తాయి. ఇది ఎలా పనిచేస్తుందో నాకు తెలిసినా, మా ఇంటి పేర్లు అలా వరసగా వెళ్తుంటే చూడటం వేరు. ఆ రోజంతా మనసు కుదురుగా లేదు.

యాడ్స్ కోసం ప్రొవైడర్లే ఈ దారిని వాడుకున్న చరిత్ర ఉంది. బ్రిటన్‌లో బీటీ అనే టెలికాం సంస్థ 2006లో ఒకసారి, 2007లో ఇంకోసారి ఫోర్మ్ అనే యాడ్ కంపెనీ టెక్నాలజీని తన నెట్‌వర్క్‌లో పెట్టి, వేల మంది కస్టమర్ల బ్రౌజింగ్ మీద వాళ్లకు చెప్పకుండానే ప్రయోగం చేసింది. అప్పట్లో చాలా సైట్లకు హెచ్‌టీటీపీఎస్ లేదు. పేజీలోని మాటలు కూడా మధ్యలో చదవగలిగేవాళ్లు. 2008లో సంగతి బయటపడేనాటికి వర్జిన్ మీడియా, టాక్‌టాక్ అనే ప్రొవైడర్లు కూడా ఫోర్మ్‌తో ఒప్పందానికి వచ్చి ఉన్నాయి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ ఆ మార్చిలో బీబీసీతో దీని గురించే మాట్లాడారు. తాను ఏదో క్యాన్సర్ మీద పుస్తకాలు వెతికితే ఆ కబురు ఇన్సూరెన్స్ కంపెనీకి చేరి ప్రీమియం పెరగడం తనకు ఇష్టం లేదని, తన ప్రొవైడర్ అలాంటి పని చేస్తే వేరే ప్రొవైడర్‌కు మారిపోతానని చెప్పారు. 2009 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ బ్రిటన్ మీద చర్యలు మొదలుపెట్టింది. తన సైట్లను ఫోర్మ్ చూడటానికి వీల్లేదని అమెజాన్ చెప్పేసింది. జులైకల్లా బీటీ ఆ ఆలోచన పక్కన పెట్టింది. మామూలు కస్టమర్లు ఊరుకోకుండా ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టబట్టే అక్కడిదాకా వచ్చింది.

మన దగ్గర 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు, ఎయిర్‌టెల్ 3జీ మీద తెరిచిన తన సొంత వెబ్ పేజీలో తాను రాయని కోడ్ ఉండటం పట్టుకున్నారు. దారి మధ్యలో చేర్చిన కోడ్ అది. కస్టమర్‌కు డేటా వాడకం తెలియజేయడానికేనని ఎయిర్‌టెల్ చెప్పింది. ఆ కోడ్ తయారుచేసిన ఇజ్రాయెల్ సంస్థ తరఫు లాయర్ల నుంచి ఆ ప్రోగ్రామర్‌కే లీగల్ నోటీసు వెళ్లింది. దాని వల్ల జరిగిన మంచి ఏమిటంటే, హెచ్‌టీటీపీఎస్ లేని పేజీని దారిలో ఎవరైనా మార్చగలరని చాలామందికి అప్పుడే తెలిసింది.

చట్టం విషయానికొస్తే, గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 2017 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు. మన అనుమతి ఎలా తీసుకోవాలి, ఇచ్చిన అనుమతిని మనం ఎలా వెనక్కి తీసుకోవచ్చు అన్నవి ఇందులో ఉన్నాయి. ఈ అనుమతి అన్నదగ్గరే మనం జాగ్రత్తగా ఉండాలి. ఆ మధ్య నేను కొత్త కనెక్షన్ తీసుకున్నప్పుడు, ఫారం నింపడానికి వచ్చిన అబ్బాయి ట్యాబ్‌లో భాగస్వామ్య సంస్థల ఆఫర్ల కోసం నా వివరాలు వాడుకోవచ్చన్న లైను పక్కన టిక్ ముందే పెట్టి ఉంది. తీసేయమంటే, "అందరూ ఇలాగే ఇస్తారు సార్" అన్నాడు. తీయించాకే సంతకం పెట్టాను. మీ ప్రొవైడర్ యాప్‌లోనూ ప్రొఫైల్ దగ్గర ఇలాంటి టిక్‌లు ఉన్నాయేమో ఒకసారి చూడండి.

మీరు ఇప్పుడే చేయగలిగింది ఇంకొకటుంది. ఆండ్రాయిడ్ 9, ఆ పై ఫోన్లన్నింట్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ దగ్గర దొరుకుతుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇంకోచోట ఉంటుంది, సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో కొట్టండి. అందులో ప్రొవైడర్ హోస్ట్‌నేమ్ దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో డీఎన్‌ఎస్ డాట్ క్వాడ్9 డాట్ నెట్ (dns.quad9.net) అని ఇచ్చి సేవ్ చేయండి. క్వాడ్9 స్విట్జర్లాండ్‌లో ఉన్న లాభాపేక్ష లేని సంస్థ, నేను వాడేది అదే. క్లౌడ్‌ఫ్లేర్, గూగుల్ కూడా ఈ సేవ ఇస్తాయి. ఇక మీ డీఎన్‌ఎస్ ప్రశ్నలకు తాళం పడినట్టే. ప్రొవైడర్‌కు అన్నీ మూసుకుపోతాయా అంటే, లేదు. సైట్‌తో కనెక్షన్ మొదలయ్యే మొదటి క్షణంలో సైట్ పేరు ఇంకోసారి బయటకు కనపడుతుంది. దాన్ని కూడా దాచే ఈసీహెచ్ అనే పద్ధతి 2023 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఉంది గానీ, అవతలి సైట్ కూడా దాన్ని పెట్టుకుని ఉండాలి. చాలా సైట్లు ఇంకా పెట్టుకోలేదు.

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాం. ఇక్కడ చట్టాలు గట్టిగా ఉంటాయి కదా, ప్రొవైడర్ ట్రాకింగ్ గురించి మాకు టెన్షన్ అక్కర్లేదా?

జవాబు: మీ ఊరి పేరు చూడగానే అక్కడి టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ సంగతి గుర్తొచ్చింది. 2013 డిసెంబరులో వాళ్లు ఆస్టిన్‌లోనే గిగాపవర్ ఫైబర్ మొదలుపెట్టారు. బ్రౌజింగ్ చూసి యాడ్స్ ఇవ్వడానికి ఒప్పుకుంటే నెలకు 70 డాలర్లు, ఒప్పుకోకపోతే 99. గోప్యత కావాలంటే నెలకు 29 డాలర్లు ఎక్కువ కట్టాలన్నమాట. డబ్బు ఉన్నవాళ్లకే గుట్టు అన్న ఆ పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. 2016లో దాన్ని ఎత్తేశారు. ఇంకో టెలికాం కంపెనీ వెరైజన్ అయితే 2012 నుంచి మొబైల్ కస్టమర్ల బ్రౌజింగ్‌లో ఒక గుర్తింపు నంబరు చేరుస్తూ వచ్చింది. కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి ఫోన్‌లో ఉంచే చిన్న ఫైళ్లు) చెరిపినా ఆ నంబరు పోదు, ఎందుకంటే అది ఫోన్‌లో లేదు, దారిలో కలుస్తుంది. 2016 మార్చిలో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీతో రాజీ చేసుకుని 13.5 లక్షల డాలర్లు కట్టింది.

కస్టమర్ ఒప్పుకుంటేనే బ్రౌజింగ్ వివరాలు వాడుకోవాలని ఎఫ్‌సీసీ 2016 అక్టోబరులో నిబంధనలు తెచ్చింది. అవి పూర్తిగా అమలు కాకముందే అమెరికా చట్టసభ కాంగ్రెస్ రద్దు చేసింది, 2017 ఏప్రిల్ 3న ట్రంప్ సంతకంతో అది ఖాయమైంది. కాబట్టి దేశం మొత్తానికి అలాంటి కవచం లేదు. అయితే టెక్సాస్ రాష్ట్ర గోప్యతా చట్టం 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. టార్గెటెడ్ యాడ్స్ వద్దని చెప్పే హక్కు దాని కింద ఉంది. మీ ప్రొవైడర్ అకౌంట్‌లోకి వెళ్లి ప్రైవసీ చాయిసెస్ పేజీ తెరిచి, అన్నీ ఆఫ్ చేయండి. ఇంట్లో ప్రతి మొబైల్ నంబరుకూ విడివిడిగా చేయాల్సి రావొచ్చు, ఒక్కదానికి చేసి వదిలేయకండి.

ప్రశ్న: ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టాక స్టేషన్లో ఉచిత వైఫై లాగిన్ పేజీ రావడం లేదు. (కాజీపేట)

జవాబు: ఆ లాగిన్ పేజీ వైఫై వాళ్ల సొంత డీఎన్‌ఎస్ మీద ఆధారపడుతుంది. ప్రైవేట్ డీఎన్‌ఎస్‌ను కాసేపు ఆటోమేటిక్‌లో పెట్టి, ఓటీపీ కొట్టి లోపలికి వెళ్లాక మళ్లీ మార్చుకోండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో బీటెక్ చదువుతున్నాను. ఫ్రీ వీపీఎన్ వేసుకుంటే ప్రొవైడర్‌కు ఏమీ కనపడదని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: నువ్వు ఏ సైట్‌కు వెళ్తున్నావో ప్రొవైడర్‌కు కనపడదన్నది నిజమే, ఎందుకంటే వీపీఎన్ నీ డేటాకు తాళం వేసి తన సర్వర్ మీదుగా పంపుతుంది. కానీ ఇప్పటిదాకా ప్రొవైడర్ చూసినవన్నీ ఇక వీపీఎన్ వాళ్లు చూస్తారు. వాళ్లెవరో, ఏ దేశంలో ఉంటారో, ఫ్రీగా ఎందుకు ఇస్తున్నారో నీకు తెలుసా?

ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొంది. మీ డేటాను భద్రంగా ఉంచుతామంటూ దాని ఉచిత వీపీఎన్ యాప్‌ను ఇచ్చారు. వేసుకున్నవాళ్లు ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఆ యాప్ ఫేస్‌బుక్‌కు చేరవేసింది. 2018లో ఆపిల్ అభ్యంతరంతో యాప్ స్టోర్ నుంచి పోయింది, మరుసటి ఏడాది మూతపడింది. ఈ విషయం మీదే 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనుబంధ సంస్థలకు 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ట్రాకింగ్ నుంచి కాపాడతామని చెప్పిన యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్, తన వాళ్ల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. 2024లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ దానికి 1.65 కోట్ల డాలర్లు కట్టాలని తేల్చింది.

డబ్బు కట్టి వాడే వీపీఎన్ గురించి ఆలోచిస్తుంటే ఇది కూడా తెలుసుకో. కస్టమర్ల వివరాలు అయిదేళ్లు ఉంచాలని మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చాక, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వీపీఎన్ ఇండియాలో ఉన్న తమ సర్వర్లు తీసేశాయి. చదువుకునే కుర్రాడివి, నీకు ఇప్పుడు ఆ ఖర్చు అక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, దాంట్లో యాడ్స్‌నూ ట్రాకర్లనూ అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్, ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్. ఈ మూడూ ఉచితమే, ప్రస్తుతానికి చాలు. తెలియని ఫ్రీ వీపీఎన్ ఉంటే మాత్రం ఇవాళే తీసేయి.

ప్రశ్న: పేరు, ఊరు రాయొద్దు సార్. మాది ఉమ్మడి కుటుంబం. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరు. నేను ఆసుపత్రుల సైట్లు చూస్తుంటాను. వైఫై రౌటర్ మా బావగారు చూసుకుంటారు. ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఆయనకు తెలియకుండా ఉంటుందా?

జవాబు: అమ్మా, ఇన్‌కాగ్నిటో చేసేది మీ ఫోన్‌లో హిస్టరీ, కుకీలు మిగలకుండా చూడటం. ఫోన్ ఎవరైనా తీసి చూస్తే కనపడదు, అంతవరకు మంచిదే. రౌటర్‌కూ, కేబుల్ వాళ్లకూ, ఆ సైట్లకూ దాంతో తేడా ఏమీ ఉండదు. ఇన్‌కాగ్నిటో అంటే ఎవరూ చూడరని నమ్మినవాళ్లు చాలామంది. అమెరికాలో 2020లో గూగుల్ మీద దీనిపైనే కేసు పడితే, 2024లో రాజీ కింద ఆ వివరాలు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

చాలా రౌటర్లు మామూలుగా సైట్ల పేర్లు దాచుకోవు. కానీ కొన్నింటి యాప్‌లో పేరెంటల్ కంట్రోల్ ఆన్ చేస్తే ఏ ఫోన్ నుంచి ఏ సైట్‌కు వెళ్లారో జాబితా వస్తుంది. మీ ఇంట్లో అలా ఉందో లేదో అడగాల్సిన అవసరం కూడా మీకు రాకూడదు. కాబట్టి ఆ సైట్లు చూసేటప్పుడు వైఫై ఆపి, మీ సిమ్ డేటా వాడండి. రౌటర్ అనేదే మధ్యలో ఉండదు. ప్రైవేట్ డీఎన్‌ఎస్ పైన చెప్పినట్టు పెట్టుకోండి, పొరపాటున వైఫై ఆన్‌లో ఉండిపోయినా కొంత కాపాడుతుంది. ఇంట్లో అందరికీ ఒకే గూగుల్ అకౌంట్ ఉంటే మీకు విడిగా ఒకటి తెరవండి. టీవీలో యూట్యూబ్ మీ అకౌంట్‌తో ఉంటే అందులోంచి బయటకు రండి, లేదంటే మీరు చూసిన వీడియోల్లాంటివే హాల్లో అందరి ముందూ వస్తాయి. అపాయింట్‌మెంట్ ఫారంలో ఇంటి ల్యాండ్‌లైన్ కాకుండా మీ నంబరే ఇవ్వండి. ఏదైనా చేయడం కుదరకపోతే ఫోన్ మోడల్ రాసి మళ్లీ మెయిల్ పెట్టండి, ఆ ఫోన్‌లో ఎక్కడెక్కడ నొక్కాలో విడిగా రాసి పంపుతాను.