కుర్చీ సంగతి తర్వాత, ముందు ఆ కాలు చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 41. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. నాలుగు నెలలుగా నడుం నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి రెండు నెలలుగా వేసుకుంటున్నాను. గ్యాస్ పట్టకుండా పాంటొప్రజోల్ కూడా వాడుతున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ ఉంది. షుగర్ ఎప్పుడూ చూపించుకోలేదు. మోకాళ్లు మడిచి, ముందుకు ఆనుకుని కూర్చునే నీలింగ్ చైర్ కొంటే నొప్పి పోతుందని ఆఫీసులో ఒకాయన అన్నారు. రోజంతా అందులో కూర్చోవచ్చా? మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు కాస్త నొప్పిగా ఉంటాయి. ఈ మధ్య నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోంది. చెప్పు లూజై ఉండొచ్చు.

– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగింది కుర్చీ గురించే అయినా నాకు టెన్షన్ పెట్టింది మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన చెప్పు సంగతి. ఒక్క కాలి చెప్పే ఎందుకు లూజవుతుంది? ఇప్పుడే చెప్పులు విడిచి, గోడ పక్కన నిలబడి, వేళ్లు పైకెత్తి మడమల మీద పదడుగులు వేయండి. పడిపోకుండా పక్కన ఎవరినైనా ఉంచుకోండి. కుడిపాదం ముందుభాగం కిందికి వాలిపోతోందా? కూర్చుని రెండు బొటనవేళ్లూ పైకెత్తండి, ఇంట్లోవాళ్లని వేలితో కిందికి నొక్కమనండి. కుడివైపు తేలిగ్గా వంగిపోతోందంటే నరం బలం తగ్గిందని అనుమానించాలి.

నడుములో నాలుగు, అయిదు పూసల మధ్య డిస్క్ (మెత్తటి దిండులాంటిది) ఉబ్బి నరాన్ని నొక్కితే ఇలా అవుతుంది. మోకాలి కింద బయటివైపు ఎముకను చుట్టి వెళ్లే నరం నొక్కుకున్నా అవుతుంది. చెప్పు జారిన సంగతే తెలియడం లేదంటే షుగర్‌ వల్ల స్పర్శ తగ్గిందేమో కూడా చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా వీటిలో ఏదో నేను చెప్పలేను. పై పరీక్షలో తేడా ఏమీ కనిపించకపోయినా రెండు మూడు రోజుల్లో ఆర్థోపెడిక్ డాక్టర్‌కి గానీ న్యూరో డాక్టర్‌కి గానీ కాలు చూపించండి. తేడా కనిపిస్తే రేపే వెళ్లండి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, కాలి బలం గంటగంటకూ తగ్గడం... వీటిలో ఏ ఒక్కటున్నా ఇది చదవడం ఆపి ఎమర్జెన్సీకి వెళ్లండి. అర్ధరాత్రి అయినా సరే.

ఇక ఆ మాత్ర. మీరు వాడుతున్న స్ట్రిప్ పక్కన నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చూశారా? డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. షాపులో అబ్బాయి ఇచ్చాడు, మీరు పుచ్చుకున్నారు, నొప్పి తగ్గింది, మళ్లీ వెళ్లి ఇంకో స్ట్రిప్ తెచ్చుకున్నారు. రెండు నెలలు! ఏ డాక్టరూ మీకు ఇన్ని రోజులకు రాసి ఉండరు, రాసినా మధ్యలో కిడ్నీ పరీక్ష చేయించి ఉండేవారు.

గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంటున్నాను కదా, ఇబ్బంది లేదు అనుకుంటున్నట్టున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. పాంటొప్రజోల్ కాపాడేది కడుపునే. కిడ్నీకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. నొప్పి మాత్ర కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. టెల్మిసార్టాన్ కిడ్నీ లోపలి ఒత్తిడిని తగ్గిస్తుంది. రెండూ కలిసి నెలల తరబడి నడిస్తే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది ఇదే), పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. దీనికి తోడు విజయవాడ ఎండల్లో నీళ్లు సరిగ్గా తాగకపోయినా, విరేచనాలు పట్టుకున్నా ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ బీపీ మాత్రలో నీరు తీసే మందు కూడా కలిసి ఉందేమో పేరు పూర్తిగా చదవండి. ఉంటే మరింత జాగ్రత్త. పైగా ఈ నొప్పి మాత్రలు బీపీనే పెంచుతాయి, అప్పుడు బీపీ మాత్ర పనిచేయడం లేదని దాన్ని మారుస్తారు. ఈ తిరకాసు అంతా ఒక స్ట్రిప్‌తో మొదలవుతుంది.

కాబట్టి నొప్పి మాత్ర ఇవాళే ఆపండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చేయించి రిపోర్టులతో వెళ్లండి. మలం నల్లగా వస్తుంటే ఆ సంగతీ దాచకుండా చెప్పండి. నొప్పి ఆగకపోతే లివర్ జబ్బు లేనివాళ్లు, మద్యం అలవాటు లేనివాళ్లు కొద్దిరోజులు ఒట్టి పారాసిటమాల్ వాడుకోవచ్చు, అదీ మీ డాక్టర్‌ని అడిగాకే. మీ పాత మాత్రలోనూ పారాసిటమాల్ ఉంది, రెండూ కలిపి మింగకండి.

ఇప్పుడు కుర్చీ. ఇది నార్వేలో 1979లో బాలన్స్ పేరుతో వచ్చిన డిజైన్. సీటు ముందుకు వాలి ఉంటుంది, తొడలు కిందికి దిగుతాయి, నడుం వెనక్కి గూనిలా వంగకుండా సహజమైన వంపు కొంత నిలుస్తుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ నొప్పిని తగ్గిస్తుందని గట్టిగా చెప్పేంత ఆధారాలు లేవు. వీపు ఆనించుకునే వీలుండదు. బరువులో కొంత మోకాళ్ల కింద ముందువైపు ఎముకల మీద పడుతుంది, మోకాళ్లు మడిచే ఉంచాలి, లేచి కూర్చోవడమూ కష్టమే. మెట్లు దిగితేనే నొప్పి చేస్తున్న మోకాళ్లకు, ఇప్పటికే అనుమానంగా ఉన్న కుడికాలికి ప్రస్తుతానికి వద్దనే చెబుతాను. ఆర్డర్ పెట్టేసి ఉంటే రిటర్న్ గడువు చూసుకోండి. కాలు బాగుందని డాక్టర్ తేల్చాక సరదా తీరకపోతే పావుగంట, ఇరవై నిమిషాలు వాడి మామూలు కుర్చీకి మారండి. రోజంతా మాత్రం ఎవరికీ పనికిరాదు.

అంతవరకు ఉన్న కుర్చీలోనే నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టుకోండి. పాదాలు నేలకు ఆనాలి. అరగంటకోసారి లేవండి, ఫోన్ మాట్లాడేది నిలబడి మాట్లాడండి. వ్యాయామాలు కాలు చూపించాకే, ఫిజియోథెరపిస్టు నేర్పితేనే. వీడియోలు చూసి వంగొద్దు.

ఇంకొకటి, డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా నేరుగా స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి ఎమ్మారై తీయించుకోకండి. నలభై ఏళ్ల వయసులో ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా దాదాపు సగం మందికి రిపోర్టులో డిస్క్ బల్జ్ (డిస్క్ ఉబ్బింది) అని వస్తుంది. అది చదివి మీరు హడలిపోతారు. కాలు పరీక్షించిన డాక్టర్ అవసరమంటే, ఏ నరం కోసం చూడాలో రాసిచ్చాక తీయించండి.