రంగూను వెళ్లొచ్చిన ముత్తాత జాడ ఏ కాగితంలో దొరుకుతుంది?

ప్రశ్న: మా ముత్తాత తెల్లదొరల కాలంలో రంగూను వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసి, తిరిగొచ్చి ఊళ్లో భూమి కొన్నారట. నాన్నమ్మ ట్రంకుపెట్టెలో ఒక స్టాంపు కాగితం, నాలుగు మనియార్డరు కూపన్లు, ఒక పోస్టుకార్డు మిగిలాయి. ఆయన ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు వెళ్లారో చెప్పేవాళ్లు లేరు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: రంగూనులో వెతకడం మానేసి ఊళ్లో వెతకండి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకీ ఫిజీకీ వెళ్లినవాళ్లు అయిదేళ్ల ఒప్పందం రాసిచ్చి వెళ్లారు. అందుకే వాళ్లకి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఒంటిమీది గుర్తులతో సహా మనిషి మనిషికీ ఒక పద్దు ఉంది. బర్మా వెళ్లినవాళ్లు కూలీల్ని కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని గోపాలపురంలోనో కళింగపట్నంలోనో ఓడ ఎక్కి, డెక్కు మీద కూర్చుని పోయారు. వాళ్లకి అలాంటి పద్దు లేదు. మీ ముత్తాతని పట్టిచ్చేది ఆయన పంపిన డబ్బు, ఆ డబ్బుతో కొన్న భూమి.

ముందు స్టాంపు కాగితాన్ని వెనక్కి తిప్పండి. స్టాంపు వెండరు అక్కడ వరస నంబరు, తేదీ, కొన్నవాడి పేరు, ఊరు, స్టాంపు విలువ రాసి సంతకం పెట్టి ఉంటాడు. ముందువైపు రాత చెరిగిపోయినా ఈ రెండు వరుసలు చాలాసార్లు మిగులుతాయి. స్టాంపు మీది ముఖం కూడా కాలం చెబుతుంది: 1901 దాకా విక్టోరియా, తర్వాత 1910 దాకా ఎడ్వర్డు, ఆపైన అయిదో జార్జి. కానీ పాత సరుకు తర్వాత కూడా అమ్ముడుపోయేది కనుక ముఖాన్ని నమ్మి సంవత్సరం ఖాయం చేయకండి, వెండరు వేసిన తేదీయే లెక్క.

అదే కాగితం వెనక రిజిస్ట్రేషను ముద్ర ఉంటే సగం పని అయినట్టే. దస్తావేజు నంబరు, సంవత్సరం, 1వ పుస్తకం, వాల్యూము, పేజీలు అని ఉంటుంది. ఆ వివరాలతో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకి దరఖాస్తు పెట్టండి. ముద్ర లేకపోతే ఇండెక్సు 1 వెతికించాలి. అది దస్తావేజు రాసినవాళ్లు, రాయించుకున్నవాళ్ల పేర్ల పట్టిక. వెతుకుడు రుసుము సంవత్సరాల లెక్కన పడుతుంది కాబట్టి ముందే అయిదారేళ్లకి కుదించుకోండి. ఇంటిపేరు మొదటి అక్షరంతో ఒకసారి, అసలు పేరు అక్షరంతో ఇంకోసారి చూడమనండి. గుమాస్తా ఎలా ఎక్కించాడో ఎవరూ చెప్పలేరు.

ఏమీ దొరక్కపోతే భూమి కొనలేదని తేల్చేయకండి. 100 రూపాయల లోపు అమ్మకాలకి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, భూమి అప్పగిస్తే చెల్లేది. ఇంకో సంగతి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. సరిహద్దు ఊళ్లకి అప్పటి రిజిస్ట్రారు ఆఫీసు ఇప్పుడు ఆంధ్ర వైపు ఉండిపోయి ఉండొచ్చు. పాత దస్తావేజులో ‘ఫలానా సబ్ డిస్ట్రిక్టు’ అన్న మాట చూసుకుని బయల్దేరండి.

క్రయ దస్తావేజు ఒక తండ్రి పేరే ఇస్తుంది. భాగపరిష్కార దస్తావేజు అన్నదమ్ములందరినీ, వాళ్ల మైనరు కొడుకులనీ, వయసులనీ ఇస్తుంది, కనుక దాని కోసం గట్టిగా వెతకండి. ఆడపిల్లల పేర్లు అందులో సాధారణంగా దొరకవు. వాళ్లు కనిపించేది పసుపు కుంకుమల కింద రాసిచ్చిన దానపత్రాల్లో.

కూపన్ల మీద పంపినవాడి పేరు, చిరునామా, పోస్టాఫీసు ముద్ర తేదీ ఉంటాయి. నాలుగింటినీ తేదీల వరుసలో పెడితే ఆయన అక్కడ ఎన్నాళ్లు ఉన్నారో ఒక అంచనా వస్తుంది. పోస్టుకార్డు స్టాంపు చూడండి. 1937 ఏప్రిల్ 1న బర్మా విడిపోయాక భారత స్టాంపుల మీద బర్మా అని ముద్ర కొట్టి వాడారు. ఆ ముద్ర లేని భారత స్టాంపుతో రంగూను నుంచి వచ్చిందంటే అంతకు ముందుదే అనుకోవచ్చు.

పుట్టిన తేదీ మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. పాత జనన రిజిస్టర్లలో బిడ్డ పేరు ఉండదు, ‘ఫలానా వాడికి మగబిడ్డ’ అని ఉంటుంది. దస్తావేజుల్లో ‘సుమారు 35 ఏళ్లు’ అన్నవి కూడా ఉజ్జాయింపులే. వేర్వేరు సంవత్సరాల దస్తావేజులు రెండు తీసి, అందులోని వయసుల్ని బట్టి వచ్చే పుట్టిన ఏడుని పోల్చండి. తేడా పదేళ్లు దాటితే మీ చేతిలో ఉన్నది ఒక మనిషి కాకపోవచ్చు, తాత పేరు పెట్టుకున్న మనవడు కూడా కలిసిపోయి ఉండొచ్చు. ఈ వెతుకులాటలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ప్రశ్న: మా పెద్దలకి ఇనాం భూమి ఉండేదట. దాని కాగితాల నుంచి వంశవృక్షం రాసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: రాసుకోవచ్చు, అదృష్టం ఉంటే మూడు నాలుగు తరాలు ఒక్క పేజీలో దొరుకుతాయి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను ప్రతి ఇనాం మీదా విచారణ జరిపి రిజిస్టరు రాసింది. ఎవరు ఇచ్చారు, మొదట ఎవరు పుచ్చుకున్నారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసు, బంధుత్వం అన్నీ గళ్లలో ఉంటాయి. ఇంట్లో టైటిల్ డీడు (హక్కు పత్రం) ఉంటే దాని నంబరు, లేకపోతే గ్రామం, తాలూకా పేర్లు పట్టుకుని చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో కూడా అడగండి. భువనేశ్వరులో వెతికి లేదని వెనుదిరిగినవాళ్లు చాలామంది ఈ ఒక్క మెట్టు దగ్గరే ఆగిపోతారు. అయితే జమీందార్ల శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసిన 1802 పర్మినెంటు సెటిల్‌మెంటు తర్వాత జమీందారు సొంతంగా ఇచ్చిన మాన్యాలు సాధారణంగా ఈ రిజిస్టర్లలో ఉండవు. వాటికి ఎస్టేటు లెక్కలూ, తహసీలు ఆఫీసులో దొరికే సాబిక్ ఖతియాను (పాత భూహక్కుల రికార్డు) నకలూ దిక్కు.

ప్రశ్న: తాతగారి చేతిపుస్తకంలో ‘ధాతు నామ సంవత్సరం’ అనీ, శిస్తు రసీదులో ‘ఫసలీ 1318’ అనీ, ఒక ఒడియా కాగితంలో ‘24 అంక’ అనీ ఉంది. ఇవి ఏ సంవత్సరాలు?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దానికి 590 కలపండి. 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. ధాతు 60 ఏళ్లకోసారి వస్తుంది: 1876–77 లేదా 1936–37. మొదటిది పెద్ద కరువు ఏడు, అందుకే పెద్దవాళ్ల మాటల్లో ఎక్కువగా వినిపిస్తుంది. రెంటిలో ఏదో పక్కనున్న పేర్లని బట్టి తేల్చుకోండి. అంక మాత్రం తిరకాసు లెక్క. అది రాజు పాలనా సంవత్సరం, కానీ 1ని వదిలేస్తారు, 6తోనూ 0తోనూ ముగిసే అంకెల్నీ వదిలేస్తారు, ఒక్క 10ని ఉంచుతారు. అంటే 1, 6, 16, 20 పోగా 24 అంక నిజానికి 20వ ఏడు. ఏ రాజుదో కాగితం పైన రాసిన పేరులో ఉంటుంది. ఆ పేరు చిరిగిపోతే అంక ఒక్కటీ ఎందుకూ పనికిరాదు.

ప్రశ్న: ఇంటర్నెట్టులో ముత్తాత పేరు ఎంత వెతికినా రావడం లేదు.
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: బ్రిటిష్ లైబ్రరీ వంశ వివరాల పట్టిక ప్రధానంగా తెల్లవాళ్లదీ ఆంగ్లో ఇండియన్లదీ. మనవాళ్లని వెతకడానికి ఊరి పేరే దారి. శ్రీకాకుళాన్ని చికకోల్ అనీ, భంజనగరాన్ని రస్సెల్‌కొండ అనీ వెతకాలి. బరంపురం అని కొడితే వచ్చేవాటిలో చాలా భాగం బెంగాలు బరంపురానివి, గంజాం అని కలిపి చూడండి. 1936కి ముందు మీ రాయగడ విశాఖపట్నం జిల్లాలోది. ‘గంజాం జిల్లా వాసి’ అన్న పాత మాటలో ఇప్పటి శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట కూడా ఉన్నాయి. ఒడియా రికార్డుల్లో ఇంటిపేరు చివరికి పోతుంది, లేదా అసలే ఉండదు. ప్రపంచ యుద్ధాల్లో సైన్యంలో ఉండి చనిపోయినవాళ్లయితే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరు, దళం, తేదీ దొరకొచ్చు. కొన్నిచోట్ల తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

ప్రశ్న: పాత దస్తావేజుకి లామినేషను చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, జయపురం

జవాబు: వద్దు. ఆ వేడికి కాగితం పెళుసెక్కుతుంది, ప్లాస్టిక్కు మళ్లీ ఊడిరాదు, వెనకవైపు ముద్ర కూడా అందులో ఇరుక్కుపోతుంది. సెల్లోటేపు కూడా వద్దు, జిగురు పచ్చబడి అక్షరాల్ని తినేస్తుంది. మడతలు బలవంతంగా విప్పకుండా, కిటికీ పక్కన వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి రెండు వైపులా ఫోటో తీయండి. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలకుండా విడిగా పెట్టి, మడత పడనంత పెద్ద కవరులో దాచండి.