ఫార్మాట్ కొట్టించే ముందు డిస్క్‌ను పరీక్షించండి

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2017లో కొన్నది. ఇంటెల్ ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. స్విచ్ వేశాక పని మొదలుపెట్టాలంటే ఐదారు నిమిషాలు పడుతోంది. క్రోమ్ తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం అనే కనిపిస్తోంది కానీ, డిస్క్‌లో సగానికి పైగా ఖాళీయే ఉంది. ఫార్మాట్ కొడితే సరిపోతుందని ఒకరు, కొత్తది కొనుక్కోమని మరొకరు అంటున్నారు. డి డ్రైవ్‌లో కుటుంబం ఫొటోలున్నాయి. ఏం చేయమంటారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఫార్మాట్ సంగతీ కొత్త కంప్యూటర్ సంగతీ తర్వాత చూద్దాం. డి డ్రైవ్‌లోని ఫొటోలను ముందు ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి గానీ, తగినంత పెద్ద పెన్‌డ్రైవ్‌లోకి గానీ కాపీ చేసుకోండి. ఫార్మాట్ చేసేది సి డ్రైవ్‌నే కనుక డి డ్రైవ్‌లోవి భద్రంగా ఉంటాయన్న నమ్మకం మన ఇళ్లలో చాలా బలంగా ఉంది. ఆ రెండూ సాధారణంగా ఒకే హార్డ్ డిస్క్‌ను విభజించి పెట్టుకున్న భాగాలు కాబట్టి, డిస్క్ చెడిపోతే రెండూ పోతాయి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి డిస్క్ దెబ్బతింటూ ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. అందువల్ల కాపీ పూర్తయ్యేదాకా డిస్క్‌లో లోపాలు వెతికే చెక్ డిస్క్, చెదిరిన ఫైళ్లను ఒకచోట చేర్చే డీఫ్రాగ్ వంటివి నడపవద్దు. బలహీనపడిన డిస్క్ చేత గంటల తరబడి ఆ పని చేయిస్తే, ఇప్పటికి చదవగలుగుతున్న ఫైళ్లు కూడా అందకుండా పోవచ్చు.

ఇక ఆ 100 శాతానికి అర్థం డిస్క్ నిండిందని కాదు, ఆ సమయంలో డిస్క్‌కు క్షణం తీరిక లేదని. అంత పని ఎందుకు పడుతోందో తెలుసుకోవడానికి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ స్విచ్ వేస్తే చాలదు. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అమల్లో ఉన్నప్పుడు షట్‌డౌన్ సమయంలో వ్యవస్థ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకొని మళ్లీ దాన్నే తెచ్చుకుంటుంది. రీస్టార్ట్ మాత్రం అంతటినీ మొదటి నుంచి ఆరంభిస్తుంది. ఆ తర్వాత ఏ ప్రోగ్రామ్‌నూ తెరవకుండా పావుగంట వదిలేసి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీని, డిస్క్‌ను రెండింటినీ చూడండి.

పావుగంటకు డిస్క్ నెమ్మదించి, మళ్లీ క్రోమ్ తెరవగానే మెమరీ 90 శాతం దాటి, దాంతోపాటే డిస్క్ కూడా 100కు చేరితే, అసలు కొరత ర్యామ్‌ది. 4 జీబీ చాలనప్పుడు విండోస్ మెమరీలోని కొంత భాగాన్ని డిస్క్ మీది పేజింగ్ ఫైల్‌లోకి పంపి, అవసరమైనప్పుడు వెనక్కి తెచ్చుకుంటూ ఉంటుంది కాబట్టి, డిస్క్ మీద కనిపించే భారంలో ఎక్కువ భాగం ఆ రాకపోకలదే. అలా కాక, ఏమీ తెరవకపోయినా డిస్క్ 100 దగ్గరే నిలిచిపోతే, ప్రాసెసెస్ ట్యాబ్‌లో డిస్క్ శీర్షికపై క్లిక్ చేసి, దాన్ని ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రామ్ ఏదో గుర్తించండి. అది విండోస్ అప్‌డేటో, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ స్కానో అయితే పూర్తయ్యేదాకా ఆగండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకదాన్ని తీసేయండి.

ఏ ప్రోగ్రామూ పెద్దగా వాడకపోయినా, చదివే వేగం సెకనుకు ఒకటి రెండు ఎంబీలకు మించకపోయినా, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ (అడిగినది అందించడానికి డిస్క్ తీసుకునే సగటు సమయం) మాత్రం వందల మిల్లీసెకన్లలో కనిపిస్తుంటే అప్పుడు డిస్క్‌నే అనుమానించాలి. డిస్క్ ఆరోగ్యాన్ని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్ సెక్టర్స్ (చెడిపోయి, బదులుగా వేరే చోటు కేటాయించిన భాగాలు), కరెంట్ పెండింగ్ సెక్టర్స్ (సరిగా చదవలేక అనుమానంలో ఉన్న భాగాలు) అనే వరుసలు ఉంటాయి. వాటి రా వాల్యూ (అసలు లెక్క) సున్నా కాకుండా ఉండి, చూసిన ప్రతిసారీ పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌ను ఇక నమ్మవద్దు. డేటా రాకపోకల్లో దొర్లిన తప్పులను లెక్కించే యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ ఒక్కటే పెరుగుతుంటే లోపం చాలావరకు డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌లోనే ఉంటుంది. కేబుల్ మారిస్తే తీరిపోయే దానికి మంచి డిస్క్‌ను పారేయడం అన్యాయం.

డిస్క్ ఆరోగ్యంగా ఉన్నా మీ కంప్యూటర్ నిదానంగానే ఉండవచ్చు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే హెడ్ కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆ హెడ్ సరైన వరుస మీదికి జరగడానికి మరో 8, 9 మిల్లీసెకన్లు. వెరసి చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు దాదాపు 80కి మించి అందించలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదవాల్సినవేమో అటువంటి ముక్కలే, అదీ వేల సంఖ్యలో. తిరిగే భాగమే లేకుండా చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్‌లాగే సాటా కేబుల్‌కు తగిలించే మామూలు రకమైనా సరే, వాటిని సెకనుకు వేలల్లో అందిస్తుంది. అందుకే ప్రాసెసర్ పాతదే అయినా డిస్క్ మార్చగానే యంత్రం కొత్తదైనట్టు అనిపిస్తుంది.

ఇంత చూశాక ఫార్మాట్ గురించి నా అభిప్రాయం దాచుకోను. అదే డిస్క్ మీద, అదే 4 జీబీతో విండోస్‌ను తిరిగి ఎక్కించినందువల్ల స్టార్టప్‌లో చేరిన అనవసర ప్రోగ్రాములు పోయి కొన్నాళ్లు కాస్త నయంగా కనిపిస్తుంది. క్రోమ్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్, యాంటీవైరస్ తిరిగి వచ్చి చేరాక కథ మొదటికే వస్తుంది. ఆ అనవసర ప్రోగ్రాములను టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో డిజేబుల్ చేస్తే ఫార్మాట్ లేకుండానే ఆ మేలు దక్కుతుంది. రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటి వల్ల వేగం పెరగదు సరికదా, ఎప్పుడూ నడిచే ప్రోగ్రామ్ మరొకటి వచ్చి చేరుతుంది.

మీ యంత్రానికి నేను సూచించేది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, మరో 4 జీబీ ర్యామ్. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అన్న చోట ‘1 ఆఫ్ 2’ అని ఉంటే ఇంకో స్లాట్ ఖాళీగా ఉన్నట్టే. ఏడో తరం ప్రాసెసర్లతో డీడీఆర్4 బోర్డులే కాక డీడీఆర్3 వాడే బోర్డులూ వచ్చాయి కనుక, ఉన్న ర్యామ్‌ను చూపించి అదే రకం తీసుకోండి. విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా ఎక్కించుకోండి. ఇప్పటిది డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయినదైతే, ఆ లైసెన్సు ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కాబట్టి, అదే ఎడిషన్ ఎక్కించి ఇంటర్నెట్‌కు కలిపితే సాధారణంగా దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. పాత హార్డ్ డిస్క్ పరీక్షలో నెగ్గితే రెండో డ్రైవ్‌గా ఉంచుకోవచ్చు కానీ, ఫొటోలకు అదొక్కటే నిలయం కాకూడదు.

ఖర్చు పెట్టే ముందు మీకు తెలియాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబర్ 14న ముగించి, అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో నమోదైన గృహ వినియోగదారులకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఇచ్చింది. విండోస్ 11కు మీ ఐ3 అధికారికంగా అర్హం కాదు. ఇంటెల్‌లో ఆ అర్హత దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. మీ పని బ్రౌజర్, మెయిల్, వీడియోలకే పరిమితమైతే ఎస్‌ఎస్‌డీ మీద విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకొని ఈ యంత్రాన్ని ఇంకొన్నేళ్లు నిశ్చింతగా వాడుకోవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనూ ఉంది. అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో పేజ్‌మేకర్‌లో వ్యాసాలు కంపోజ్ చేసే అలవాటు మీకు ఉంటే మాత్రం అవి విండోస్ కోసం తయారైనవి కనుక లినక్స్ కుదరదు. అప్పుడు ఈ కంప్యూటర్‌కు ర్యామ్ కొనకుండా ఎస్‌ఎస్‌డీ ఒక్కటే వేయించుకోండి. రేపు విండోస్ 11 నడిచే యంత్రం కొన్నా ఆ డిస్క్‌ను అందులో అమర్చుకోవచ్చు.