క్వారీలో అదే తప్పు మళ్ళీ మళ్ళీ రాసిపోతున్నారు, పని మాత్రం ఎందుకు ఆపరు?

మీరు అడిగింది ఇదీ: మీ తమ్ముడు చీమకుర్తి దగ్గర గ్రానైట్ క్వారీలో వైర్ సా (రాయి కోసే తీగ రంపం) మీద పనిచేస్తున్నాడు. సేఫ్టీ అధికారులు రెండుసార్లు వచ్చారు, బెంచీలు, అంటే రాతిని మెట్లుగా కోసిన అంచెలు, సరిగా లేవని రెండుసార్లూ రాసి వెళ్లారు, పని మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. ఒకే తప్పు పదేపదే చేసేవాళ్లను ప్రభుత్వం ఏమీ చేయలేదా, మీరు ఎవరికి చెప్పుకోవాలి అని.

రామతీర్థం వైపు ఒక గెలాక్సీ గ్రానైట్ క్వారీలో నేను తొమ్మిదేళ్లు మేట్‌గా చేశాను. మా సొంతూరు నెల్లూరు జిల్లా సైదాపురం పక్కన. మా నాన్న మైకా గనిలో దిగి పనిచేసిన మనిషి, కాబట్టి 'ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడు' అనే మాట చిన్నప్పటినుంచీ ఇంట్లో వింటూ పెరిగాను. షిఫ్టు మొదలయ్యే ముందు పనిచోటు చూసి, ఎక్కడ లూజు బండ ఉందో, ఎక్కడ పగులు కనిపిస్తోందో పుస్తకంలో రాయడం మేట్ పని. నేను రాసేవాణ్ణి, మేనేజర్ కింద సంతకం పెట్టేవాడు. చాలా రోజులు అంతటితో సరి.

2014లో తనిఖీకి వచ్చిన అధికారి మంచివాడు. ఎండలో కింద దాకా దిగి చూశాడు. బెంచీ ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ, అంచున బండలు వదిలేశారు అని రాశాడు. మేము రాయి తీసే చోట ఒక్కో మెట్టు ఆరు మీటర్లు దాటకూడదు, అంటే ఇరవై అడుగులు. ఎత్తు ఎంతో వెడల్పు కనీసం అంత ఉండాలి. తవ్విన గుంట అంచునుంచి మూడు మీటర్ల లోపు లూజు రాయి, చెత్త, చెట్టు ఏదీ ఉండకూడదు. ఇవన్నీ 1961 నాటి మెటల్లిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్‌లో ఉన్నవే. మా దగ్గర కొన్నిచోట్ల నలభై అడుగులు నిలువుగా ఉండేది. నెలలోపు సరిచేశామని జవాబు పోయింది, దానితోపాటు ఒక ఫొటో కూడా. ఆ ఫొటో మా క్వారీదే, కానీ అవతలి పక్క బాగున్న బెంచీది.

2016లో ఇంకో అధికారి వచ్చాడు. అవే మూడు తప్పులు, దాదాపు అవే మాటలు. 2014 ఉత్తరం ప్రస్తావన అందులో ఎక్కడా లేదు. అప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు, 'మళ్ళీ రాశాడు' అనుకున్నానంతే. తర్వాతి ఏడాది వానాకాలంలో, రాత్రి కురిసిన వానకి మెత్తబడిన అంచునుంచి ఒక రాయి జారి ఒడిశా కుర్రాడి మీద పడింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. వాడికి ఇరవై రెండేళ్లు. ముందురోజు పొద్దున నా పుస్తకంలో ఆ అంచు గురించి రాసి ఉంది. ఆ పేజీ ఇప్పటికీ కళ్ల ముందు కనబడుతుంది నాకు.

ఆసుపత్రిలో బైకు మీదనుంచి పడ్డాడని రాయించారు. నాతో సహా ఎవరమూ నోరు తెరవలేదు. ఎందుకు చెబుతున్నానంటే, మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. గనుల చట్టం లెక్క ప్రకారం ఎముక విరగడమంటే 'తీవ్ర గాయం'. వెంటనే గనుల భద్రతా శాఖకు తెలపాల్సిందే. బైకు ప్రమాదంగా మారిందంటే ఆ క్వారీ రికార్డులో ప్రమాదం సున్నా. రెండు ఉత్తరాలూ ఎవరినీ బాధపెట్టని కాగితాలుగా మిగిలిపోతాయి.

ముందు ఎవరు ఎవరో చెబుతాను, మనవాళ్లు చాలామంది తప్పు ఆఫీసుకే వెళ్తుంటారు. లీజు ఇచ్చేది, రాయల్టీ వసూలు చేసేది రాష్ట్ర గనుల శాఖ. మనుషుల ప్రాణభద్రత చూసేది కేంద్ర కార్మిక శాఖ కింద ఉండే డీజీఎంఎస్, అంటే పైన చెప్పిన గనుల భద్రతా శాఖే, ధన్‌బాద్‌లో హెడ్డాఫీసు, 1902 నుంచీ ఉన్న వ్యవస్థ. మైకా బెల్టు వల్ల మన నెల్లూరులోనూ దాని ఆఫీసు ఉంది. బండ కూలుతోందని రాష్ట్ర శాఖకు మాత్రమే అర్జీ పెడితే, 'అది మా పరిధి కాదు' అని ఒక ముక్క రాసి పక్కన పెట్టేస్తారు.

అధికారం లేదా అంటే ఉంది. 2025 నవంబర్ దాకా నడిచిన 1952 గనుల చట్టం సెక్షన్ 22 కింద, ప్రాణాపాయం తక్షణం ఉందనిపిస్తే ఇన్‌స్పెక్టర్ అక్కడికక్కడే మనుషుల్ని బయటికి పంపి పని ఆపించగలిగేవాడు. 22ఏ కింద, చెప్పిన గడువులో సరిచేయకపోతే పని నిషేధించగలిగేవాడు. తప్పు వల్ల మనిషి చనిపోతే బాధ్యుడికి రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవి. అదే మనిషికి మళ్ళీ శిక్ష పడితే రెట్టింపు అని 72సీలో ఉండేది.

ఆ 'మళ్ళీ' అనే మాట దగ్గరే నాకు కడుపు మండుతుంది. ఆ రెట్టింపు రావాలంటే కోర్టులో రెండోసారి దోషిగా తేలాల్సి వచ్చేది. ఉత్తరం పదిసార్లు వచ్చినా అది లెక్కలోకి వచ్చేది కాదు. పైగా అధికారికి తప్పు తెలిసిన ఆరు నెలల్లోపు కోర్టులో కేసు వేయాల్సి ఉండేది. ఉత్తరం, జవాబు, ఫొటో, మళ్ళీ ఉత్తరం అని తిరిగేసరికి ఆ ఆరు నెలలు గడిచిపోయేవి. అధికారి బదిలీ అయితే కొత్తాయనకు అంతా మొదటినుంచే.

2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది, పాత గనుల చట్టం అందులో కలిసింది. ఇప్పుడు మరణానికి జరిమానా 5 లక్షలకు తగ్గదు, అందులో కనీసం సగం కుటుంబానికి ఇప్పించమని కోర్టు చెప్పవచ్చు. 5,000తో పోలిస్తే ఇది మేలే. కానీ మనిషి పోయాక కట్టే డబ్బు గురించి కదా ఇదంతా. పోకముందు ఉత్తరాలు లెక్కపెట్టే పద్ధతి ఇంకా కావాలి.

అమెరికాలో అలాంటిదొకటి ఉంది. పైన తవ్వే గనికి ఏడాదికి రెండు తనిఖీలు, భూగర్భ గనికి నాలుగు తప్పనిసరి. తీవ్రమైన తప్పులు అదేపనిగా చేసే గనిని ఒక జాబితాలో పెడతారు, ఆ తర్వాత అలాంటి తప్పు ఇంకోటి దొరికితే ఆ చోటునుంచి మనుషుల్ని బయటికి పంపాల్సిందే. 1977 చట్టంలోనే ఈ ఏర్పాటు ఉన్నా, గనుల్ని నిజంగా ఆ జాబితాలో పెట్టడం మొదలైంది 2011లో. అంతకు ఏడాది ముందు, 2010 ఏప్రిల్ 5న, వెస్ట్ వర్జీనియాలో అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గని పేలి 29 మంది చనిపోయారు. ఆ గనికి హెచ్చరిక ఉత్తరం వెళ్లాల్సింది, కంప్యూటర్ లెక్కలో పొరపాటు వల్ల వెళ్లలేదు. అంత పెద్ద దేశంలో కూడా పాత ఉత్తరాలు సరిగా కూడకపోతే అలా జరిగింది.

మన పక్కనే చూడండి. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో బండలు కూలి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మీరు చేయగలిగింది. ఆ లెక్క కట్టే పని మీరే మొదలుపెట్టండి. డీజీఎంఎస్‌కు ఆర్టీఐ వేయండి, పది రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌లో కేంద్ర పోర్టల్‌లోనే వేయవచ్చు. తమ్ముడి పేరు మీద వద్దు, మీ పేరు మీద వేయండి. అడగాల్సింది ఒక్కటే: ఆ క్వారీకి గత ఐదేళ్లలో రాసిన తప్పుల ఉత్తరాలు, యాజమాన్యం ఇచ్చిన జవాబులు, సెక్షన్ 22 నోటీసులు, ప్రతిదానికీ నకలు. అవి చేతికి వచ్చాక తేదీలవారీగా ఒక పేజీలో రాసి, 'ఇదే తప్పు ఫలానా తేదీన రాశారు, సరిచేశామన్నారు, ఫలానా తేదీన మళ్ళీ రాశారు' అని చూపిస్తూ డీజీఎంఎస్‌కు రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి. నకలు కలెక్టరుకు, రాష్ట్ర గనుల శాఖకు కూడా. మా వాళ్లు ఇద్దరు ఇలా చేశాకే మా క్వారీలో ఒక వైపు పని మూడు నెలలు ఆగింది, బెంచీలు కొట్టారు. అప్పటిదాకా వచ్చినవాళ్లెవరూ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడలేదు, అంతే.

ఒకవేళ ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రి చీటీలో 'క్వారీలో' అనే మాట పడేదాకా కదలకండి. అక్కడ మేము చేసిన తప్పు మీరు చేయవద్దు. ఆ కుర్రాడు కుంటుతూ ఊరికి వెళ్లిపోయాడు, పరిహారం అడగడానికి వాడి చేతిలో కాగితం ముక్క కూడా లేదు. ఎవరైనా చనిపోతే, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేవరకు, లేదా 72 గంటల వరకు, ఆ చోటు కదిలించకూడదని పాత చట్టంలోనే ఉంది. క్రేన్ పెట్టి రాళ్లు సర్దేస్తుంటే ఫోన్‌లో వీడియో తీయండి.

'పని పోతుందేమో' అని తమ్ముడు టెన్షన్ పడతాడు, నాకు తెలుసు, నేనూ పడ్డాను. అందుకే ఫిర్యాదు మీరు పెట్టండి, వాణ్ణి లోపలి సమాచారం మాత్రం అడగండి. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు వాడు నిలబడే చోటికి పైన అంచున ఏముందో అడగండి. పది అడుగుల లోపు బండలుంటే తేదీ కనబడేలా ఫొటో తీసి పంపమనండి. మీ పేజీలో మొదటి వరుస అదే.