సలామీయా, హామా? ముందు ప్యాకెట్టు వెనక్కి తిప్పండి

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా చికెన్ శాండ్‌విచ్ కావాలంటాడు. ఇక్కడి సూపర్ మార్కెట్‌లో చికెన్ సలామీ, చికెన్ హామ్, చికెన్ మోర్టడెల్లా, స్మోక్డ్ చికెన్ బ్రెస్ట్ స్లైసులు అని నాలుగు రకాలున్నాయి. ఏది కొనాలి? హామ్ అంటే పంది మాంసమేనని మా అత్తగారు అభ్యంతరం చెబుతున్నారు. ఏడో తరగతి చదివే మా పాప బడికి కూడా అదే పెట్టమంటోంది.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. ఆమె మాటలో తప్పు లేదు, హామ్ అసలు పంది తొడతో చేసేదే. అయితే చికెన్ హామ్ అంటే కోడి మాంసానికి అదే తీరున ఉప్పు పట్టించి, అచ్చులో నొక్కి ఉడికించినది. వెనక ఉన్న పదార్థాల జాబితాను ఆమెకు చదివి వినిపించండి. కోడలు చెబితే నమ్మని విషయం ప్యాకెట్టు చెబితే నమ్ముతారు.

ఇక ఆ నాలుగింటిలో నా ఓటు బ్రెస్ట్ స్లైసులకే. అవి దొరకకపోతే హామ్. ఈ రెండింటిలో కండ కొంతైనా కండలా ఉంటుంది, కొరికితే పీచు తగులుతుంది. మన దగ్గర అమ్మే చికెన్ సలామీ కోడి మాంసాన్ని, కొవ్వును మెత్తగా రుబ్బి, మసాలా కలిపి, గొట్టంలో నింపి ఉడికించినది. ఇటలీలో నెలల తరబడి ఆరబెట్టే సలామీకి, దీనికి పేరొక్కటే కలిసింది. మోర్టడెల్లా ఇంకా మెత్తన. అది నాకు ఏ కోశానా నచ్చదు. రొట్టె మెత్తన, లోపలిదీ మెత్తన అయితే పళ్లకు పనేముంది? సలామీ కొంటే మాత్రం రెండు పలచటి ముక్కలు చాలు. దోసకాయ, ఉల్లిపాయ చక్రాలు ఎక్కువ వేయండి. ఉప్పు దానిలోనే దండిగా ఉంటుంది కాబట్టి మళ్లీ చల్లవద్దు.

పేరు చూసి కొనకండి. నేను మహబూబ్‌నగర్‌లో సరుకులకు వెళ్లేటప్పుడు సంచిలో భూతద్దం పెట్టుకుంటాను. దుకాణంలో కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. మన నిబంధనల ప్రకారం ఏ పదార్థం బరువు ఎక్కువో దాని పేరే జాబితాలో ముందు రాయాలి. కోడి తరువాత వెంటనే నీరు, ఆ వెనక పిండి, సోయా ప్రొటీన్ వరసగా కనిపిస్తే మీరు మాంసం ధర పెట్టి నీళ్లు కొంటున్నట్లే. జాబితాలో కనిపించే 451, 452 అంకెలు ఫాస్ఫేట్లనే కలుపుడు పదార్థాలవి, ఆ నీటిని పట్టి ఉంచేవి అవే. ప్రొటీన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోకండి, సోయా కలిపినా అది పెరుగుతుంది. సోడియం అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉంటే అందులో రెండున్నర గ్రాముల ఉప్పు ఉన్నట్లు. పెద్దవాళ్లకు రోజంతటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 5 గ్రాముల లోపే.

250 అనే అంకె సోడియం నైట్రైట్‌ది. ఆ గులాబీ రంగు దాని చలవే. ప్రాణాంతకమైన బొటులిజం సూక్ష్మజీవిని అడ్డుకునేదీ అదే, అందుకని ఊరికే తిట్టలేం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015 అక్టోబరులో ఇలా నిల్వకు సిద్ధం చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని చెప్పింది. ఆ నిర్వచనంలోకి కోడి మాంసంతో చేసినవీ వస్తాయి. అబ్బాయి సెలవుల్లో ఒకటి రెండు సార్లు తింటే నేను అడ్డు చెప్పను. రోజువారీ ఫలహారంగా మాత్రం వద్దు.

ఇంత చదివాక మీకు విసుగు వస్తే, అసలైన మార్గం ఇంట్లోనే ఉంది. చికెన్ దుకాణంలో రొమ్ము భాగం అరకిలో అడగండి. ముక్కలు కొట్టవద్దని కత్తి పైకి లేవకముందే చెప్పాలి, లేకపోతే కూర ముక్కలై మీ చేతికి వస్తుంది. దానికి చెంచాన్నర లోపు ఉప్పు, దంచిన మిరియాలు, ఒక వెల్లుల్లి రెబ్బ ముద్ద పట్టించి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున చల్లటి నీటిలో మునిగేలా వేసి సన్న మంట మీద పెట్టండి. నీళ్లు కుతకుత ఉడకకూడదు, గిన్నె అంచున చిన్న బుడగలు లేస్తే చాలు. ఆ స్థితిలో పావుగంట ఉంచి, పొయ్యి ఆపి, మూతపెట్టి మరో పది నిమిషాలు వదిలేయండి. అన్నిటికంటే మందమైన చోట కోసి చూస్తే గులాబీ రంగు ఉండకూడదు. ఉంటే మళ్లీ పొయ్యి ఎక్కించండి. థర్మామీటరు ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టి, పూర్తిగా చల్లబడ్డాక పీచుకు అడ్డంగా పలచగా కోయండి. వేడి మీద కోస్తే పొడిపొడి అవుతుంది. ప్యాకెట్టు దానిలా గులాబీ రంగు రాదు, తెల్లగానే ఉంటుంది. మూడు రోజుల్లో తినేయాలి.

పాప బాక్సులోకి మాత్రం ఈ ఐదింటిలో ఏదీ వద్దు. పొద్దున ఎనిమిదింటికి కట్టింది మధ్యాహ్నం తినేసరికి నాలుగైదు గంటలు గడుస్తాయి. మామూలు రోజుల్లో బయట రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే ఒక గంట, అంతకు మించి మాంసం నిలవ ఉండకూడదు. మార్చి మధ్యాహ్నం నల్లగొండ ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? పల్లీ చట్నీ గట్టిగా రుబ్బి రొట్టెకు రాసి ఇవ్వండి. చికెన్‌ది సాయంత్రం ఇంటికి వచ్చాక తింటుంది.

ప్రశ్న: హామ్ ముక్క మీద నెమలి ఈకలాంటి ఆకుపచ్చ మెరుపు కనిపించింది. పాడైనట్లేనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఒక్క మెరుపే అయితే భయం లేదు. కండ పీచును అడ్డంగా కోసిన చోట వెలుతురు చీలి అలా రంగులు కనిపిస్తాయి. ముక్కను పక్కకు వంచితే రంగు మారుతుంది. వేలికి జిగురు అంటినా, పులిసిన వాసన వచ్చినా, విప్పని ప్యాకెట్టు ఉబ్బినా పారేయండి. విప్పిన ప్యాకెట్టును ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులకు మించి ఉంచవద్దు.

ప్రశ్న: నాకు ఐదో నెల. సలామీ తినాలని ఉంది. తినవచ్చా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: చల్లగా వద్దమ్మా. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. గర్భిణులకు అది సోకితే బిడ్డకు ముప్పు. మనసు లాగితే పెనం మీద పొగలు వచ్చేదాకా రెండు వైపులా కాల్చి, వేడి తగ్గకముందే తినండి. మిగిలింది తరువాత తిందామని దాచుకోకండి.