మంగ, గుర, శుక: క్యాలెండర్‌లో తెగిపోతున్న వారాలు

ప్రశ్న: విండోస్ డెస్క్‌టాప్ మీద గడియారం, క్యాలెండర్ లాంటివి చూపే రెయిన్‌మీటర్ ప్రోగ్రామ్‌తో క్యాలెండర్ పెట్టుకున్నాను. తెలుగుకు మార్చాక ఆది, సోమ, బుధ, శని బాగానే వస్తున్నాయి. మిగతావి మంగ, గుర, శుక అని పడుతున్నాయి. సెప్టెంబర్‌లో కింది వత్తు సగం కనబడదు. సింహాచలం చందనోత్సవం రాసుకున్న తేదీ దగ్గర అన్నీ ప్రశ్నార్థకాలే. నాలుగైదు ఫాంట్లు మార్చి చూశాను.
ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఫాంట్లు మార్చి లాభం లేదండీ. ఇవి మూడు వేర్వేరు లోపాలు, మూడూ స్కిన్ ఫైల్లోనే, అంటే క్యాలెండర్ ఎలా కనబడాలో రాసి ఉండే ఫైల్లోనే ఉన్నాయి.

ముందు వారాల సంగతి. ఇంగ్లిష్‌లో వారం పేరుకు మొదటి మూడు అక్షరాలు చాలు. స్కిన్ రాసినవారు అదే కత్తెర తెలుగుకూ వేశారు. కానీ కంప్యూటర్ లెక్కలో ‘రు’ ఒక అక్షరం కాదు. ర ఒకటి, కొమ్ము మరొకటి. గురువారంలో గ, కొమ్ము, ర అనేసరికి మూడు నిండిపోయాయి, రెండో కొమ్ము రాలిపోయింది. మంగళవారంలో సున్నాకూ ఒక లెక్క. శుక్రవారంలో శ, కొమ్ము, క దగ్గరే తెగింది కనుక క్రావడి పోయింది. మిగతా నాలుగూ సరిగ్గా మూడేసి కాబట్టి బతికిపోయాయి.

ఫైలుకు నకలు తీసి పెట్టుకుని, క్యాలెండర్ మీద కుడి క్లిక్ చేసి ఎడిట్ స్కిన్ తెరవండి. వారం పేరు తెచ్చే భాగాన్ని అందులో మెజర్ అంటారు. ఆ మెజర్‌లో, ఫార్మాట్ వరుసలో శాతం గుర్తు పక్కన ఉన్న ఇంగ్లిష్ పెద్ద ‘A’ని చిన్న ‘a’ చేయండి. ఆ మెజర్‌లోనే సబ్‌స్టిట్యూట్ అని మొదలయ్యే వరుస ఉంటే తీసెయ్యండి, కత్తెర అదే. భాషను చెప్పే ఫార్మాట్‌లొకేల్ వరుసలో తెలుగు, ఇండియా కోడ్ అలాగే ఉంచండి. ఇక విండోస్ తన దగ్గరున్న పొట్టిపేర్లే ఇస్తుంది: మంగళ, గురు, శుక్ర. 30 పిక్సెళ్ల గడిలో ‘మంగళ’ ఇరుకవుతుంది. గడిని 44 చేయండి, ఏడు గడులకు 308 అవుతుంది. కొందరు చోటు కలిసొస్తుందని ఒక్కో అక్షరమే పెడతారు. శు, శ పక్కపక్కనే పడి చూపు తడబడుతుంది, నేనైతే వద్దంటాను.

వత్తు తెగడానికి కారణం ఎత్తు. ఫాంట్ సైజు 12 అంటే తెరమీద 16 పిక్సెళ్లు. చాలా స్కిన్లలో నెల పేరు గడికి 18 లేదా 20 ఎత్తు బిగించి ఉంటుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. మనకు పైన గుడి, కింద వత్తు రెండూ పట్టాలి. ఎత్తు చెప్పే ‘హెచ్’ వరుస పూర్తిగా తీసెయ్యండి, లేదా 26 ఇవ్వండి. ఫిబ్రవరి, సెప్టెంబర్, అక్టోబర్ మూడూ పెట్టి చూస్తే తేలిపోతుంది. జనవరిలో ఈ తేడా కనబడదు.

ప్రశ్నార్థకాలు ఫైలును యాన్సీగా, అంటే యూనికోడ్‌కు ముందటి పాత పద్ధతిలో సేవ్ చేసినందువల్ల వచ్చాయి. తెలుగుకు విండోస్‌లో యాన్సీ కోడ్ పేజీ లేదు, అందుకే ఒక్కో గుర్తూ ఒక్కో ప్రశ్నార్థకం అయింది. లెక్కపెట్టండి, చందనోత్సవానికి సరిగ్గా పది ఉంటాయి. పోయిన అక్షరాలు తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్‌కు వెళ్లి, ఎన్‌కోడింగ్ దగ్గర యూనికోడ్ పద్ధతి అయిన యూటీఎఫ్-16 ఎల్‌ఈ ఎంచుకుని, స్కిన్ రిఫ్రెష్ చేయండి. ఫాంటే తప్పయితే వచ్చేవి ఖాళీ డబ్బాలు, ప్రశ్నార్థకాలు కావు. అప్పుడు నిర్మలా యూఐ ఫాంట్ పెట్టండి, విండోస్ 8 నుంచి అది వెంటే వస్తోంది.

ప్రశ్న: లినక్స్‌లో, డెస్క్‌టాప్ మీద సమాచారం చూపే కాంకీ ప్రోగ్రామ్‌తో క్యాలెండర్ పెట్టాను. వత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడుతున్నాయి, తేదీలు వారాల కిందికి రావడం లేదు.
ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కాంకీ అక్షరాలను ఒక్కొక్కటిగా పేరుస్తుంది, వత్తు కట్టే పని దానికి రాదు. ఏ ఫాంట్ వేసినా ఇంతే. వరుసలు చెదరడం వేరే సంగతి: అన్ని అక్షరాలదీ ఒకే వెడల్పు అనుకుని ఖాళీలతో సర్దిన పట్టిక అది, తెలుగులో ఆ లెక్క కుదరదు. తేదీల భాషను నిర్ణయించే ఎల్‌సీ టైమ్ సెట్టింగ్‌ను ఒక్క కాంకీ వరకే ఇంగ్లిష్‌కు మార్చి నడిపితే పట్టిక నిలబడుతుంది. తెలుగే కావాలంటే కాంకీని వదిలేసి గ్నోమ్ లేదా కేడీఈ డెస్క్‌టాప్‌ల సొంత క్యాలెండర్ వాడండి. వాటిలో అక్షరాలు కూర్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ కాబట్టి వత్తులు కుదురుగా పడతాయి.