ప్రాచీన చేపల పరిశోధన: బైపీసీ విద్యార్థికి దారి ఏది?

ప్రశ్న: మా అబ్బాయి విశాఖపట్నంలో ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాడు. నీట్ రాయనని, అంతరించిన చేపల శిలాజాలపై పరిశోధన చేస్తానని పట్టుబడుతున్నాడు. ఈ చదువుకు ఉపాధి ఉంటుందా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: ఉంటుందమ్మా. అయితే డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకుంటాడన్న దానిపైనే అది చాలావరకు ఆధారపడుతుంది. చేపలంటే ఇష్టం కాబట్టి జువాలజీ ఒక్కటే చాలని అతను అనుకోవడం సహజమే కానీ, శిలాజం దొరికేది రాతిలో కనుక, ఆ రాయి ఏ కాలంలో, ఎలాంటి నీటి అడుగున పేరుకుందో చెప్పగలిగే జియాలజీ అతనికి తప్పనిసరి.

ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలో, కోటా శిలలుగా పిలిచే జురాసిక్ కాలపు సున్నపురాతి పొరల్లో, లెపిడోటిస్ అనే ఎముకల చేప శిలాజాలు దొరికాయి. దానికి నేడు సజీవంగా మిగిలిన బంధువులు ఉత్తర, మధ్య అమెరికాల్లోను, క్యూబాలోను ఉండే గార్ చేపలు. మన పండుగప్ప పొలుసు పలుచగా వంగుతూ, పక్కదాన్ని కప్పుతూ ఉంటుంది. గార్ పొలుసు అలా కాదు. అది డైమండ్ ఆకారపు మందపాటి ఎముక పలక, పైన పంటి ఎనామెల్ లాంటి మెరిసే పూత ఉంటుంది, పక్క పొలుసుతో గట్టిగా బిగుసుకుంటుంది. లెపిడోటిస్ పొలుసులూ ఆ తరహావే కావడం వల్లే, ఒళ్లంతా కుళ్లిపోయినా అవి రాతిలో నిలిచాయి. బతికున్న చేప నిర్మాణం తెలిసినవారే ఆ ముక్కలను గుర్తుపట్టగలరు.

కాబట్టి సెలవుల్లో ఫిషింగ్ హార్బర్ నుంచి పండుగప్ప తల ఒకటి తెచ్చి, ఉడికించి, మాంసం తీసేసి, దవడలు, మొప్పల మూత ఎముకలు విడదీసి పేర్లు రాసి పెట్టుకోమనండి. విసుగు లేకుండా మరో చేపతోనూ ఆ పని చేస్తే అతని ఆసక్తిని నమ్మవచ్చు.

జియాలజీ ప్రధానంగా, జువాలజీ తోడుగా ఉన్న డిగ్రీ వెతకండి. కొన్నిచోట్ల ఇంటర్‌లో గణితం అడుగుతారు కనుక బైపీసీ వారిని చేర్చుకుంటారో లేదో ముందే కనుక్కోండి. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకైతే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఎమ్మెస్సీతో యూపీఎస్సీ కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కావచ్చు. జువాలజీ పీజీతో ఆ పోస్టుకు అర్హత రాదు, నేను జియాలజీ అని ఇంతగా చెప్పడానికి కారణం అదే. పరిశోధనకైతే ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో ఎర్త్ సైన్సెస్ పేపరు ఉంది. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ ప్రాచీన జీవుల, వాటి కాలపు పరిశోధనకే అంకితమైనది.

అచ్చంగా చేపల శిలాజాలకే కేటాయించిన ఉద్యోగాలు దేశంలో బహు తక్కువన్న సంగతి అతనికి ఇప్పుడే చెప్పండి. పీహెచ్‌డీకి నమోదైన తర్వాత కూడా జియో-సైంటిస్ట్ పరీక్షకు చదవడం మానకూడదు. దాని సాధారణ వయోపరిమితి 32 ఏళ్లు.